ఒక్కరే నడిపే వృత్తికి అక్కరకొచ్చే సాఫ్ట్‌వేర్లు

పుస్తకాలకు పుటల కూర్పు చేయడం, అనువాదాలను మూలంతో పోల్చి సరిచూడటం నా వృత్తి. ఏ సంస్థలోనూ ఉద్యోగం చేయడం లేదు కనుక పని సంపాదించుకోవడం, ధర చెప్పడం, గడువు గుర్తుంచుకోవడం, బిల్లు పంపడం, రావలసిన డబ్బు అడగడం, చివరికి పద్దులు రాసుకోవడం వరకు అన్నీ నేనే చూసుకోవాలి. వీటిలో దేనికీ ఎవరూ విడిగా డబ్బు ఇవ్వరు, కానీ ఏ ఒక్కటి తప్పినా డబ్బు తెచ్చే పని దెబ్బతింటుంది. ఈ పనులకు సాయపడే సాఫ్ట్‌వేర్లను ఏడేళ్లుగా వాడుతున్నాను. కొన్నింటిని నెల తిరగకుండానే వదిలేశాను, కొన్ని లేకుండా పని మొదలుపెట్టడం ఇప్పుడు నా వల్ల కాదు. వాటిని నేను ఒకే తూకంతో తూస్తాను. చేసిన పని డబ్బుగా మారి ఖాతాలో చేరేదాకా ఉన్న దారిలో ఏదీ జారిపోకుండా ఆ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందా, అందుకు బదులుగా నా దగ్గర రోజుకు ఎంత సమయం తీసుకుంటుంది అన్నదే ఆ తూకం.

ముందుగా సమయం లెక్క గురించి చెప్పాలి, ఎందుకంటే మిగిలిన లెక్కలన్నీ దాని మీదే నిలబడతాయి. గంటల చొప్పున కాకుండా పని మొత్తానికి ఇంత అని మాట్లాడుకునేవారికి టైమర్ ఎందుకని చాలామంది అడుగుతారు. మొదటి రెండేళ్లు నేనూ అలాగే అనుకున్నాను. ఒకసారి 160 పుటల పుస్తకం 20 గంటల్లో పూర్తవుతుందని అంచనా వేసి ధర చెప్పాను. తీరా టైమర్ పెట్టుకుని చేస్తే 33 గంటలు పట్టింది. కూర్పుకు నేను అనుకున్నంతే పట్టింది, ఎక్కువైన 13 గంటలూ మూడో విడత, నాలుగో విడత దిద్దుబాట్లలోనూ, వాటి గురించి రాసుకున్న ఈమెయిళ్లలోనూ గడిచిపోయాయి. ఆ రిపోర్టు చూసిన తరువాతనే, రెండు విడతల దిద్దుబాట్లు ధరలో కలిసే ఉంటాయనీ, ఆపైన ప్రతి విడతకు విడిగా తీసుకుంటాననీ ఒప్పందంలో రాయడం మొదలుపెట్టాను. నా ఆదాయాన్ని అన్నింటికంటే ఎక్కువగా మార్చినది ఆ ఒక్క వాక్యమే, దాన్ని నా చేత రాయించినది టైమర్.

ఇందుకు నేను వాడేది టాగుల్ ట్రాక్. ఎస్తోనియాలో 2006లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్‌ను ఐదుగురి వరకు ఉచితంగా వాడుకోవచ్చు కాబట్టి ఒంటరిగా పనిచేసేవారికి ఉచిత ప్లానే సరిపోతుంది. పని పేరు రాసి మీట నొక్కితే గడియారం నడుస్తుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. బ్రౌజర్‌లోనూ, కంప్యూటర్‌లోనూ, ఫోన్‌లోనూ ఒకే లెక్క కనిపిస్తుంది. మధ్యలో ఎవరో పిలిస్తే లేచి వెళ్లి, అరగంట తరువాత తిరిగి వచ్చేసరికి, కంప్యూటర్ ఇంతసేపు కదలకుండా ఉంది, ఆ సమయాన్ని ఉంచాలా తీసేయాలా అని అది అడుగుతుంది. ఈ చిన్న ప్రశ్న లేకపోతే లెక్కలో నిజాయతీ ఉండదు. ఆ రోజు ఏ సాఫ్ట్‌వేర్‌లో, ఏ వెబ్‌సైట్‌లో ఎంతసేపు ఉన్నామో మనకు మాత్రమే కనిపించేలా నమోదు చేసే టైమ్‌లైన్ అనే ఏర్పాటు కూడా ఉంది. టైమర్ పెట్టడం మరిచిపోయిన రోజున సాయంత్రం దాన్ని చూసి లెక్క పూర్తి చేసుకోవచ్చు. నేను ప్రతి పనికీ కూర్పు, మొదటి దిద్దుబాటు, రెండో దిద్దుబాటు, ఉత్తరాలు అని ట్యాగులు పెట్టుకుంటాను. కొత్త క్లయింట్‌కు ధర చెప్పే ముందు పాత రిపోర్టు తెరిచి, అలాంటి పనికి ఏ దశలో ఎంత పట్టిందో చూసుకున్నాకే అంకె చెబుతాను.

లోపాలు లేకపోలేదు. గంటకు ఇంత అని రేటు పెట్టి, బిల్లు మొత్తం లెక్కకట్టే సౌకర్యం టాగుల్‌లో చెల్లింపు ప్లాన్‌లోనే దొరుకుతుంది. గంటల చొప్పున బిల్లు వేసేవారికి హార్వెస్ట్ మెరుగైనదని నా అభిప్రాయం, ఎందుకంటే అందులో నమోదైన గంటలు నేరుగా ఇన్వాయిస్‌గా మారతాయి, ఒకచోట నుంచి మరోచోటకు అంకెలు ఎత్తి రాసే అవసరం ఉండదు. ఎత్తి రాసేచోటే తప్పులు దొర్లుతాయని లెక్కలు రాసే ఎవరికైనా తెలుసు. అయితే హార్వెస్ట్ ఉచిత ప్లాన్‌లో ఒక మనిషికి రెండు ప్రాజెక్టులే అనుమతిస్తారు, అది నెల తిరిగేలోపే చాలకుండా పోతుంది. క్లాకిఫై కూడా కొన్నాళ్లు వాడాను. పని బాగానే చేస్తుంది, కానీ తెర మీద సమాచారం కిక్కిరిసి ఉండటంతో నేను టాగుల్‌కే తిరిగి వచ్చాను. ఇది అలవాటుకు సంబంధించిన తీర్పే తప్ప నాణ్యతకు సంబంధించినది కాదు.

ఇన్వాయిస్‌ల విషయానికి వస్తే, ఫ్రెష్‌బుక్స్ పుట్టుక కథ చెప్పుకోవాలి. టొరంటోలో చిన్న డిజైన్ సంస్థ నడుపుతున్న మైక్ మెక్‌డెర్మెంట్, ఒక క్లయింట్‌కు కొత్త ఇన్వాయిస్ తయారు చేస్తూ పొరపాటున పాత ఇన్వాయిస్ ఫైలు మీదే సేవ్ చేశారు; ఆ విసుగులోంచే 2003లో ఫ్రెష్‌బుక్స్ రూపుదిద్దుకుంది. వర్డ్ ఫైలులో పేరు, తేదీ మార్చి బిల్లు పంపుకునే ప్రతి ఒక్కరికీ ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. పాత బిల్లు పోవడం ఒక నష్టమైతే, ఒకే వరుస సంఖ్య రెండు బిల్లులకు పడటం అంతకంటే పెద్ద చిక్కు, ఎందుకంటే పన్ను లెక్కలు చూసేవారు వరుస సంఖ్యల్లో తేడా కనిపిస్తే మొదట అక్కడే వేలు పెడతారు. ఇన్వాయిస్ సాఫ్ట్‌వేర్ ఏది వాడినా సంఖ్యలను అదే వరుసగా వేస్తుంది, పంపిన బిల్లును అలాగే భద్రపరుస్తుంది. మరేమీ చేయకపోయినా ఇంతమాత్రానికే దాన్ని వాడవచ్చు.

ఫ్రెష్‌బుక్స్‌లో పని హాయిగా సాగుతుంది, తెర మీద ప్రతిదీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది. కానీ దాని కింది స్థాయి ప్లాన్‌లో ఐదుగురు క్లయింట్లకే బిల్లు వేయగలం. చిన్న చిన్న పనులు పదిమందికి చేసేవారు, వచ్చే డబ్బు తక్కువే అయినా, పై ప్లాన్‌కు వెళ్లక తప్పదు. ఇది నాకు సరైన కొలతగా అనిపించలేదు. వేవ్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో ఇన్వాయిస్‌లు ఎన్నైనా ఉచితంగా పంపుకోవచ్చని వినే ఉంటారు, కానీ కొత్తగా చేరేవారు అమెరికాలోనో కెనడాలోనో వ్యాపారం చేసేవారై ఉండాలి. సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్‌లో పెట్టుకోగల పరిజ్ఞానం ఉన్నవారికి ఇన్వాయిస్ నింజా ఉంది. దాని సోర్స్ కోడ్, అంటే సాఫ్ట్‌వేర్‌ను రాసిన అసలు కోడ్, అందరికీ అందుబాటులో ఉంటుంది, సమాచారం మన దగ్గరే ఉంటుంది, సర్వర్ చూసుకునే బాధ్యత కూడా మనదే అవుతుంది. ఆ బాధ్యతకు పట్టే గంటలను కూడా టైమర్‌లో లెక్కవేసుకున్నాక, నాకు అది లాభసాటి కాదని తేలింది.

చివరికి నేను నిలకడగా ఉండిపోయింది జోహో ఇన్వాయిస్‌తో. దీనికి చెల్లింపు ప్లాన్ అన్నదే లేదు, సంస్థ దీన్ని పూర్తిగా ఉచితంగా అందిస్తోంది. లెక్కల సాఫ్ట్‌వేర్ జోహో బుక్స్ వైపు వినియోగదారులను నడిపించే మార్గంగా దీన్ని ఉంచారని నాకు అనిపిస్తుంది, ఆ ఉద్దేశం తెలిసి వాడుకోవడంలో తప్పులేదు. ముందుగా ధర అంచనాను పంపి, క్లయింట్ ఒప్పుకోగానే దాన్నే ఒక్క నొక్కుతో ఇన్వాయిస్‌గా మార్చుకోవచ్చు, కాబట్టి ఒప్పుకున్న మాటకూ పంపిన బిల్లుకూ మధ్య తేడా రాదు. అడ్వాన్సుకు విడిగా బిల్లు వేసి, తుది బిల్లులో దాన్ని తగ్గించే ఏర్పాటు ఉంది. క్లయింట్ బిల్లు తెరిచి చూశారో లేదో తెలుస్తుంది. వీటన్నింటిలోనూ నాకు అత్యంత విలువైనది గడువు గుర్తుచేసే ఏర్పాటు.

బకాయి అడగడం ఎంత కష్టమో ఒంటరిగా పనిచేసేవారందరికీ తెలుసు. మొదటి ఉత్తరం మర్యాదగా రాస్తాం, రెండోది రాయడానికి వారం తటపటాయిస్తాం, మూడోది రాసేసరికి మన స్వరంలో విసుగు వినిపిస్తుంది, ఆ విసుగుతో తరువాతి పని పోతుందేమోనని భయపడతాం. ఒక ప్రచురణ సంస్థ నాకు నాలుగు నెలల పాటు డబ్బు ఇవ్వలేదు. అడిగినప్పుడల్లా బిల్లు తమకు అందలేదని అక్కడివారు చెప్పేవారు, అప్పట్లో ఈమెయిల్‌కు జతచేసి పంపే నా దగ్గర అందిందనడానికి ఆధారం లేదు. ఇప్పుడు బిల్లు తెరిచిన తేదీ నా తెర మీద ఉంటుంది. గడువుకు మూడు రోజుల ముందు ఒకటి, గడువు దాటిన మూడో రోజున ఒకటి, పదో రోజున ఒకటి చొప్పున నేను ముందే స్థిమితంగా ఉన్నప్పుడు రాసి పెట్టుకున్న మాటలతో ఉత్తరాలు వాటంతట అవే వెళతాయి. రాసినది కోపంలో కాదు కనుక వాటిలో ఒక్క పరుషమైన మాట ఉండదు. ముందుగానే గుర్తుచేసే ఉత్తరం మొదలుపెట్టాక చాలా బిల్లులు గడువులోపే చెల్లుతున్నాయి, అంటే చాలామంది ఇవ్వకూడదని కాదు, మరిచిపోయి ఆపుతారన్నమాట.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బ్యాంకు ఖాతాకు నేరుగా వచ్చిన డబ్బు సంగతి మనం నమోదు చేస్తే తప్ప సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. మూడు రోజుల క్రితమే చెల్లించిన ఒక మంచి క్లయింట్‌కు నా వైపు నుంచి బకాయి ఉత్తరం వెళ్లింది. ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను, ఆయన పెద్దమనసుతో తీసుకున్నారు. అప్పటి నుంచి ప్రతి ఉదయం పని మొదలుపెట్టే ముందు బ్యాంకు ఖాతా చూసి, వచ్చిన మొత్తాలను బిల్లులకు ఎదురుగా నమోదు చేయడం నియమంగా పెట్టుకున్నాను. దీనికి ఐదు నిమిషాలకు మించి పట్టదు. విదేశీ క్లయింట్ల చెల్లింపుల విషయంలో మాత్రం ఒక్క మాట: పైకి కనిపించే రుసుము ఒక్కటే చూడకుండా మారకపు రేటులో ఎంత తరుగుతుందో కూడా లెక్కవేయాలి. మొదట ట్రాన్స్‌ఫర్‌వైజ్ అనే పేరుతో 2011లో మొదలై, 2021లో పేరు కుదించుకున్న వైజ్ అనే డబ్బు బదిలీ సేవ, మార్కెట్ మధ్యరేటునే (కొనే, అమ్మే ధరల సగటునే) వాడి రుసుమును విడిగా చూపిస్తుంది, కాబట్టి పోల్చుకోవడం తేలిక.

పనుల క్రమం చూసుకోవడానికి ట్రెల్లో వాడుతున్నాను. 2011లో వచ్చి 2017లో అట్లాసియన్ అనే సంస్థ చేతికి వెళ్లిన ఈ సాఫ్ట్‌వేర్‌కు మూలం జపాన్‌లో టయోటా కర్మాగారాల్లో టాయిచి ఓనో అమలు చేసిన కాన్‌బాన్ పద్ధతి; ఏ దశలో ఏముందో చీటీలతో అందరి కళ్లకూ కనబడేలా ఉంచడమే దాని సారం. చేయవలసినవి, చేస్తున్నవి, అయిపోయినవి అని మూడు వరుసలతో ఎవరైనా మొదలుపెడతారు. నేను నాలుగో వరుస ఒకటి చేర్చాను, దాని పేరు 'వారి చేతిలో ఉన్నవి'. దిద్దుబాటు కోసం క్లయింట్‌కు పంపిన ప్రతి పనీ ఆ వరుసలోకి వెళుతుంది, ఆ పనికి ఉన్న కార్డు (తెర మీది చీటీ) మీద పంపిన తేదీ ఉంటుంది. ఆలస్యం ఎవరి వైపు జరిగిందన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ తేదీలే జవాబు చెబుతాయి. నోట్సు, పట్టికలు దాచుకునే నోషన్‌లో కూడా ఇదంతా చేయవచ్చు, ఇంకా ఎంతో చేయవచ్చు. కానీ పట్టికలు, పుటలు అమర్చుకుంటూ పోతే అసలు పని చేసినంత తృప్తి కలిగించడం దానిలోని ప్రమాదం. క్లయింట్ల శైలీ నియమాలు, ఫాంటుల వివరాలు దాచుకోవడానికి మాత్రమే దాన్ని వాడుతున్నాను, ఆ పనికి అది చాలా మంచిది.

సమావేశాల సమయం ఖరారు చేయడానికి క్యాలెండ్‌లీ, సంతకాలకు డాక్యుసైన్ లాంటివి వాడటం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. వేరే దేశంలో ఉన్నవారికి వారి గడియారం ప్రకారమే ఖాళీ సమయాలు చూపడం క్యాలెండ్‌లీలోని అసలు ప్రయోజనం. ఉచిత ప్లాన్‌లో ఒకే రకం సమావేశం పెట్టుకోగలం, అది చాలు. వయసులో పెద్దవారికి, తొలిసారి పరిచయమైనవారికి లింకు పంపి సమయం మీరే ఎంచుకోండి అనడం మర్యాద కాదు కనుక వారితో ఫోన్‌లోనే మాట్లాడుకుంటాను. సంతకాల సాఫ్ట్‌వేర్‌లో చూసుకోవలసింది సంతకం అందం కాదు, ఎవరు ఏ ఈమెయిల్ నుంచి ఏ నిమిషాన సంతకం చేశారో చెప్పే ధ్రువపత్రం దస్త్రానికి జతగా వస్తుందా లేదా అన్నది.

ఏ సాఫ్ట్‌వేర్‌నైనా తీసుకునే మొదటి వారంలోనే ఒక పరీక్ష పెడతాను: లోపల వేసిన సమాచారమంతా బయటకు తీసి, వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూస్తాను. చేయవలసిన పనుల జాబితాలకు ఎంతోమంది ఇష్టపడి వాడిన వండర్‌లిస్ట్‌ను మైక్రోసాఫ్ట్ 2015లో కొని 2020 మేలో మూసివేసింది. నోట్సు రాసుకునే ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ప్లాన్‌ను 50 నోట్లకు, ఒక నోట్‌బుక్‌కు కుదించింది. ఆ సంస్థలకు వాటి కారణాలు వాటికి ఉంటాయి, కానీ ఐదేళ్ల క్రితం పంపిన బిల్లు చూపించవలసిన అవసరం వచ్చినప్పుడు ఆ కారణాలు మనకు పనికిరావు. పట్టికలు సీఎస్‌వీ (ఏ పట్టికల సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే సాదా ఫైలు) రూపంలోనూ, బిల్లులు పీడీఎఫ్ రూపంలోనూ రాకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా నేను తీసుకోను. ఒప్పందం నుంచి వసూలు దాకా అన్నీ ఒకేచోట చేసిపెట్టే బోన్సాయ్ లాంటి సాఫ్ట్‌వేర్లను కాదనుకున్నదీ ఇందుకే. నెలకు పది పదిహేను మంది క్లయింట్లు ఉన్నవారికి అది సమయం మిగిల్చవచ్చు. నా లాగా నలుగురైదుగురితో పనిచేసేవారికి ఒక్క చందా ఆగితే అన్ని పనులూ ఒకేసారి ఆగిపోయే పరిస్థితి మంచిది కాదు.

ఫైళ్ల భద్రత దగ్గర చాలామంది ఒక పొరపాటు పడుతున్నారు. ఆన్‌లైన్‌లో ఫైళ్లు దాచే డ్రాప్‌బాక్స్ లాంటి వాటిలో ఫైళ్లు ఉంచితే బ్యాకప్ ఉన్నట్టేనని అనుకుంటారు. అవి అన్ని కంప్యూటర్లలో ఒకే స్థితిని ఉంచుతాయి, అంటే ఒకచోట పొరపాటున తుడిచేసిన ఫోల్డర్ అన్నిచోట్లా తుడిచిపెట్టుకుపోతుంది. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాలో 30 రోజుల లోపు పోయినవాటిని తిరిగి తెచ్చుకోవచ్చు. ఒకసారి 12 అధ్యాయాల కూర్పును ఆ విధంగా వెనక్కి తెచ్చుకున్నాను, కానీ అది పోయిందని నెల దాటాక గమనించి ఉంటే ఆ పని మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చేది. పీటర్ క్రోగ్ అనే ఛాయాగ్రాహకుడు ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 నియమాన్ని అప్పటి నుంచి పాటిస్తున్నాను: ప్రతి ఫైలుకు మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. కంప్యూటర్‌లో ఒకటి, శుక్రవారం సాయంత్రం మాత్రమే తగిలించే బయటి డిస్కులో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి ఉంటాయి. డిస్కును ఎప్పుడూ తగిలించి ఉంచకపోవడానికి కారణం ఉంది. ఫైళ్లను బంధించి డబ్బు అడిగే వైరస్ వస్తే తగిలించి ఉన్న డిస్కునూ వదలదు.

పాస్‌వర్డ్‌లకు బిట్‌వార్డెన్ వాడుతున్నాను. ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని పరికరాల్లోనైనా ఉచితంగా దాచుకోవచ్చు, కోడ్ అందరూ పరిశీలించేలా బహిరంగంగా ఉంది. అయినా నేను చెల్లింపు ప్లాన్ తీసుకున్నది ఒకే ఒక్క సౌకర్యం కోసం, అది అత్యవసర ప్రవేశం. మనం నమ్మిన ఒకరిని ముందే ఎంచుకుని, వారు అడిగినప్పుడు మనం కాదనకుండా ఇన్ని రోజులు గడిస్తే ఖాతా చూసే అనుమతి వారికి దానంతట అదే దక్కేలా అమర్చుకోవచ్చు. గత ఏడాది జ్వరంతో రెండు వారాలు మంచాన పడ్డప్పుడు, ఏ క్లయింట్‌కు ఏ పని ఎప్పుడు ఇవ్వాలో, ఎవరి నుంచి ఎంత రావాలో నాకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదన్న ఆలోచన నన్ను జ్వరం కంటే ఎక్కువ కలవరపెట్టింది. కోలుకున్నాక మా చెల్లెలి పేరు అక్కడ నమోదు చేసి, గడువు ఏడు రోజులుగా పెట్టాను. ట్రెల్లోలో ఏ వరుస మొదట చూడాలో, చెల్లని బిల్లులు జోహోలో ఎక్కడ కనిపిస్తాయో, డిస్కు ఏ సొరుగులో ఉందో ఒక పుటలో రాసి ఆ ఖాతాలోనే ఉంచాను. ఏదైనా మారినప్పుడల్లా ఆ పుట తెరిచి సరిదిద్దుతున్నాను.